చలికాలం టోపీ – ఎంచుకొనే పద్ధతి



శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అంటారు. కాని దీపావళి నుండి శివరాత్రి దాకా దాదాపు నాలుగు నెలలు గడవాలి కదా! చలికాలంలో పత్రిక తెరిస్తే సిర్పూర్(యు), గిన్నెధరి, అర్లి(టి) వంటి మన ఊళ్ల పేర్లే కనిపిస్తాయి. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. సముద్రం దూరం, ఉత్తరం నుండి పొడిగాలులు, మబ్బులేని ఆకాశం – ఈ మూడింటి వల్ల నేల పగటి వేడిని రాత్రి త్వరగా కోల్పోతుంది. కరీంనగర్ వైపు చలి కొంత తక్కువైనా, తెల్లవారుజామున వరండాలో స్టడీ అవర్‌కు కూర్చునే వారికి ఆ తేడా తెలియదు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బాపు ఒకరోజు కూలి డబ్బులతో అంగడిలో మంకీ క్యాప్ కొని తెచ్చాడు. మొదటిరోజే గదిలో అందరూ "ముసలోడా!" అని నవ్వారు. దాన్ని ట్రంకు పెట్టె అడుగున పెట్టేశాను. ఆ చలికాలమంతా నా చేతులు పుస్తకం మీద కన్నా చెవుల మీదనే ఎక్కువగా ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి పోతే బాపు "టోపీ పెట్టుకుంటున్నవా బిడ్డా?" అని అడిగాడు. "ఆ, పెట్టుకుంటున్న" అని అబద్ధం చెప్పాను. ఆ మాట ఈనాటికీ గుచ్చుతుంది. అందుకే ఈ పాఠం.

టోపీ ఎలా పనిచేస్తుంది?

టోపీ వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన శరీరంలోనే. టోపీ అల్లికలోని సందుల్లో గాలి నిలిచిపోతుంది. గాలి అధమ ఉష్ణవాహకం కాబట్టి ఒంటి వేడి త్వరగా బయటకు పోదు. శరీరపు వేడిలో సగం తల నుండే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. తల మన శరీర ఉపరితలంలో సుమారు పదో వంతు మాత్రమే. పోయే వేడి కూడా ఇంచుమించు అంతే. అయితే ఒళ్లంతా కప్పుకొని తల, చెవులు వదిలేస్తే చలి అక్కడే తెలుస్తుంది. కనుక స్వెట్టర్‌కు తోడుగా టోపీ కావాలి, స్వెట్టర్‌కు బదులుగా కాదు.

ఏ రకం మంచిది?

ఉన్ని: ఉన్ని పోగు సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది. అందుకే గాలిని బాగా పట్టి ఉంచుతుంది. మంచు తేమను కొంత పీల్చుకొని కూడా వెచ్చగానే ఉంటుంది. మన కురుమలు దక్కని గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టే గొంగడి ఇటువంటిదే. గొర్రెల కాపరి దాన్ని నెత్తిమీద కొప్పెర వేసుకుంటే అదే మన మొదటి చలి టోపీ! ఉన్ని కొంచెం గుచ్చుకుంటుంది, ధర ఎక్కువ.

అక్రిలిక్: రోడ్డు పక్కన అమ్మే టోపీల్లో ఎక్కువ ఇవే. ఇది పెట్రోలియం నుండి తయారయ్యే కృత్రిమ దారం. చవక, తేలిక, త్వరగా ఆరుతుంది. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాబట్టి చలిమంట దగ్గర జాగ్రత్త.

నూలు: మెత్తగా ఉంటుంది, కాని తడిస్తే చల్లబడుతుంది. స్నానం చేసిన తడి తలపై ఏ టోపీ పెట్టినా ప్రయోజనం లేదు. ముందు తల ఆరనివ్వాలి.

కొనేటప్పుడు చూడవలసినవి:

1. చెవులు పూర్తిగా కప్పాలి. ఇది మొదటి నియమం.
2. టోపీని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. జల్లెడలా కనిపిస్తే గాలి దూరుతుంది.
3. అంచును లాగి వదలండి. వెంటనే దగ్గరికి రావాలి. రాకపోతే నెలకే వదులవుతుంది.
4. పెట్టి చూడండి. నుదుటిపై గీత పడితే బిగువు, తల ఊపితే జారితే వదులు.
5. లోపల మెత్తటి అస్తరు ఉంటే ఇంకా మేలు.

అందం సంగతి

అందం గురించి ఆలోచించడం తప్పు కాదు. సిగ్గుపడి పెట్టెలో దాచిన టోపీ ఎంత మంచిదైనా వెచ్చదనం ఇవ్వదు. ముదురు నీలం, మెరూన్ వంటి రంగులు యూనిఫాంకు నప్పుతాయి, మాపు కనిపించదు. గుండ్రటి ముఖానికి కొంచెం ఎత్తుగా నిలిచే టోపీ, కోల ముఖానికి అంచు మడిచే టోపీ బాగుంటాయి.

ఇక మంకీ క్యాప్‌ను ఎగతాళి చేసేవారికి ఒక మాట. 1854లో క్రిమియా యుద్ధం జరిగిన బాలక్లావా అనే ఊరి పేరే దానికి ఆంగ్లంలో ఉంది. పర్వతారోహకులు ఇటువంటి ముసుగు టోపీలే ధరిస్తారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. చలికి తల కప్పుకోవడం చిన్నతనం కాదు.

శుభ్రత

ఒకరి టోపీ ఒకరు పెట్టుకోరాదు. పేలు, తలలో తామర అలాగే వ్యాపిస్తాయి. ఉన్ని టోపీని చల్లటి నీటిలో ఉతికి, పిండకుండా ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టాలి. లేకుంటే ముడుచుకుపోతుంది.

చివరగా, ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు చిన్న తరగతుల పిల్లలకు టోపీలు తెండి. తెచ్చేముందు ఏ రంగు కావాలో వాళ్లను అడగండి. విద్యార్థులారా, మీ అమ్మానాన్నలు కొనిచ్చిన టోపీ ఎలా ఉన్నా ఎవరూ నవ్వకండి, ఎవరైనా నవ్వితే దాచకండి. నా టోపీ ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు నా తలకు పట్టదు.