మెట్లెక్కించే ముందు

గవరపాలెం,
అనకాపల్లి.

చిన్నా,

బెంగళూరులో కొన్న పింగాణీ గ్రిల్లు పొయ్యిని లారీలో మన ఊరికి పంపిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వూ, నీ స్నేహితులిద్దరూ కలిసి మూడంతస్తులూ ఎక్కించి డాబా మీద పెట్టేస్తామన్నావట. నా ఉద్యోగమంతా బెల్లం యార్డులో, కమీషన్ కొట్టు గుమాస్తాగా, బరువులెత్తేవాళ్ళ మధ్యే గడిచింది. ఆ చనువుతో చెబుతున్నాను, మీరు ముగ్గురూ దాని మీద చెయ్యి వెయ్యకండి.

పొయ్యి బరువు 99 కిలోలని నువ్వే చెప్పావు. మగమనిషి మొయ్యాల్సిన బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో దాన్ని ఇంకా కుదించి, అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కిలోలే అంది. ఈ లెక్కన నలుగురు పట్టినా ఎక్కువే, అదీ చదును నేల మీద. మెట్ల మీద బరువు పంపకం సమంగా ఉండదు. ఎత్తైన వస్తువు వాలిందంటే బరువు కిందనున్నవాడి మీదికి జరుగుతుంది. పైవాడు దారి చూపిస్తాడు, మోసేది కిందివాడు. యార్డులో బెల్లం దిమ్మ పదిహేను కిలోల చుట్టుపక్కల ఉంటుంది. రోజంతా వాటినే మోసే కలాసీలు కూడా కొత్త సరుకు కనబడితే చుట్టూ తిరిగి చూసి, పట్టు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకున్నాకే వంగుతారు.

చిన్నప్పుడు నిన్ను శంకరం దగ్గర బొజ్జన్నకొండకి తీసుకెళ్ళాను కదా. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వించిన చోటు అది. అక్కడ పెద్ద స్తూపాన్ని కొండరాతిలోనే తొలిచి, దాని చుట్టూ ఇటుకలు పేర్చారు. ఉన్నచోటనే చెక్కగలిగినదాన్ని మొయ్యలేదు, మొయ్యక తప్పనిదాన్ని చేతికి అందే ముక్కలుగా మోశారు. నీ పొయ్యిని కూడా అలాగే విడదియ్యి. లోపలి నిప్పుల గిన్నె, దాని మీది కట్టు, ఇనప జల్లెళ్ళు, పక్క బల్లలు అన్నీ వేరుచేసి ఒక్కొక్కటీ విడిగా పైకి పంపించు. మూత విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. బందు దగ్గరున్న స్ప్రింగు మూత మూసి ఉన్నంతసేపూ నొక్కుకునే ఉంటుంది, ఒక్కసారిగా విడిచిందంటే వేళ్ళు పోతాయి. కంపెనీవాళ్ళ కాగితంలో ఎలా విప్పమన్నారో అలాగే విప్పించు.

మిగిలిన గుల్లని పాత బొంతలో చుట్టి, లారీ సరుకు బిగించే వెడల్పాటి బెల్టులు అడుగు కిందనుంచి వేయించు. పిడినీ బందునీ పట్టి లేపనివ్వకు, అవి మూత తియ్యడానికే తప్ప బరువు మొయ్యడానికి కావు. ప్రతి మలుపు దగ్గరా పాత స్కూటరు టైరొకటి పడేసి ఉంచు. దాని మీద దింపితే గుల్ల దొర్లదు, అంచు పగలదు. మలుపుకొకసారి దింపడం నామోషీ కాదు. హవాయి చెప్పులతో ఎవరినీ మెట్లెక్కనివ్వకు.

యార్డు కలాసీలు నలుగురికి నేను చెప్పిపెడతాను. పొద్దున వేలం పని ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వస్తారు. కూలి కింద ఉండగానే మాట్లాడుకో, అడిగినదానికి కొంచెం కలిపే ఇవ్వు. మెట్ల మధ్యలో బేరం పనికిరాదు, సలహాలూ పనికిరావు. అడుగున పట్టినవాడి నోటే మాట రావాలి. అతను ఆగమంటే అందరూ ఆగాలి, దింపమంటే దింపాలి. పొయ్యి యజమానివైనా నువ్వు పైన నోరు మూసుకుని నిలబడు. వాళ్ళకి దిగువన పురుగు కూడా ఉండకూడదు, పిల్లల్ని ఇంట్లో కూచోబెట్టు.

పట్టు జారితే ఎవరూ అడ్డంపడకుండా వదిలెయ్యమని ముందే గట్టిగా చెప్పు. నీ నోటితో చెప్పు, యజమాని చెబితేనే వాళ్ళకి ధైర్యం. ఎంత డబ్బు పోసి కొన్నా అది కాల్చిన మట్టే, పగిలితే మళ్ళీ కొనుక్కోవచ్చు. వాళ్ళలో ఒకడి నడుం పడిపోతే ఒక ఇల్లు కూచుంటుంది. నీకేమైనా అయితే మీ అమ్మ ముఖం నేను చూడలేనురా.

ఇక దాన్ని పెట్టే చోటు సంగతి. ఇలాంటి పొయ్యిలకి మూలం జపాన్ అన్నం పొయ్యిలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైనికులు వాటిని ఇళ్ళకి పట్టుకెళ్ళారు. అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ పుట్టింది 1974లో. అక్కడివాళ్ళకి పెరడుంది, నేల మీద పెట్టుకున్నారు. మనకున్నది డాబా. మనుషులు తిరిగే డాబాకి భారతీయ ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకి సుమారు 150 కిలోల భారం లెక్కగడతారు. పొయ్యి, బొగ్గులు, చుట్టూ మూగే నలుగురూ కలిస్తే అది ఇట్టే దాటుతుంది. అందుకని స్లాబు నడిమధ్య పెట్టకుండా కింద దూలం వెళ్ళేచోట, స్తంభానికి దగ్గరగా పెట్టించు. మీ ఇల్లు కట్టిన మేస్త్రీ ఊళ్ళోనే ఉన్నాడు, చోటు అతనే చూపిస్తాడు.

లారీ రసీదు మీద సంతకం పెట్టేవాళ్ళని ముందు గుల్లని వేలి కణుపుతో తట్టి చూడమను. కుండ కొనేటప్పుడు చూసినట్టే, ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉంది. పైకి చేరాక మళ్ళీ తట్టాలి. మొదటి రోజుల్లో చిన్న మంటే పెట్టు.

కొత్త అమావాస్య దగ్గరికొస్తోంది. నూకాలమ్మ జాతర మొదలైతే మన సందుల్లోకి లారీ రాదు. ఆలోగా దింపేలా లారీ ఆఫీసులో మాట్లాడు. మీ నాన్నచేత మెట్ల వెడల్పూ, మలుపు దగ్గర గోడకీ రెయిలింగుకీ మధ్య జాగా టేపుతో కొలిపించి రేపటికల్లా నాకు చెప్పించు. గుల్ల వెడల్పు అందులో పట్టకపోతే కలాసీల్ని పిలవడమే దండగ, అప్పుడు బయటనుంచి తాళ్ళతో లాగే మనుషుల్ని వెతకాలి.

మీ మావయ్య