ఆస్పత్రి మంచం పక్కన: చేయవలసినవి, చేయకూడనివి

గుడుపల్లె మండలంలో ఎవరికైనా పెద్ద జబ్బని తేలితే ఇంట్లో మొదట వచ్చే మాట ఏ దిక్కుకు పోవాలని. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అక్కడ కాదంటే బంగారుపేట వైపు పోతే కోలారు, బెంగళూరు. బెంగళూరులో గుండెకు జయదేవ, క్యాన్సర్‌కు కిద్వాయి, మెదడు జబ్బులకు నిమ్హాన్స్. జోలార్‌పేట వైపు రైలెక్కితే వేలూరు సీఎంసీ. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉండనే ఉన్నాయి. దిక్కు తేలి, మంచం దొరికేసరికే ఇంటిల్లిపాదీ సగం అలసిపోతారు. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు.

అన్ని రోజుల్లో పక్కనున్నవాళ్ల వల్ల రోగికి ముప్పు వస్తే, అది నిర్లక్ష్యం వల్ల వచ్చేది తక్కువ. ప్రేమ ఎక్కువై వచ్చేదే ఎక్కువ. తినలేదని బలవంతంగా ఒక ముద్ద, కాలు వాచిందని నూనె రాసి మర్దన, చూడకుండా ఉండలేమని పదిమంది ఒకేసారి వార్డులోకి రావడం. ఈ రాతంతా ఆ ప్రేమను ఎక్కడ ఆపుకోవాలో చెప్పడానికే.

పేరు, నంబరు, నోటుపుస్తకం

మా పక్క ఒకే వార్డులో ఇద్దరు మునెమ్మలు, ముగ్గురు మునిరత్నాలు ఉండడం వింతేమీ కాదు. కాబట్టి రోగి చేతికి కట్టిన పట్టీ తడిసినా, ఊడినా వెంటనే కొత్తది కట్టించండి. ఆస్పత్రి నంబరు మీకు నోటికి వచ్చి ఉండాలి. మాత్ర ఇచ్చేముందు, సూది వేసేముందు, స్కానింగుకు తీసుకుపోయేముందు పేరు, నంబరు సరిచూడమని అడగండి. సిస్టర్ విసుక్కుంటుందేమోనని మొహమాటపడకండి. మంచి నర్సుకు ఆ ప్రశ్న నచ్చుతుంది. ఏ మందు పడదో, గతంలో దేనికి దద్దుర్లు వచ్చాయో మొదటి రోజే చెప్పి రాయించండి.

రక్తం ఎక్కించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. సంచి మీద పేరు, గ్రూపు ఇద్దరు సిబ్బంది చదివి చూసుకోవాలి. ఎక్కడం మొదలైన పావుగంట పక్కనుంచి కదలకండి. వణుకు, జ్వరం, దురద, నడుము నొప్పి, ఆయాసం - ఏది కనిపించినా ఆ క్షణమే నర్సును పిలవండి. 'కాసేపు చూద్దాం' అనకండి.

నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. అందులో రాయవలసింది కవిత్వం కాదు. 'రాత్రి 2.00 - చలి, జ్వరం 101. సిస్టర్‌కు చెప్పాం. 2.20 - రక్తం తీశారు. 3.00 - మాత్ర ఇచ్చారు.' ఇంతే చాలు. పొద్దున రౌండ్లకు వచ్చే డాక్టరుకు ఉండే టైము తక్కువ. 'రాత్రంతా బాగాలేదు సార్' అనే మాట కన్నా ఈ నాలుగు ముక్కలు ఆయనకు ఎక్కువ పనికొస్తాయి. అడగవలసినవి కూడా ముందే రాసుకోండి. మనకు తెలుగుతోపాటు తమిళం, కన్నడం కొంత వచ్చు గాబట్టి వేలూరులోనైనా బెంగళూరులోనైనా నెట్టుకొస్తాం. అయితే అర్థం కాకుండా తల మాత్రం ఊపకండి. 'అంటే రేపు పొద్దున్నుంచి నీళ్లు కూడా ఇవ్వకూడదు, అంతేకదా డాక్టర్?' అని విన్నదాన్ని తిరిగి చెప్పి చూసుకోండి.

డాక్టరుతో మాట్లాడేది ఇంట్లోంచి ఒక్కరే ఉండాలి. రోజుకొక బావమరిది వచ్చి మొదటినుంచీ కథ అడిగితే, ఆయన చెప్పే జవాబు రోజురోజుకూ పొట్టిదవుతుంది.

తిండి దగ్గరే పెద్ద తప్పులు

ఊరి నుంచి చూడ్డానికి వచ్చేవాళ్లు చేతులు ఊపుకుంటూ రారు. ఎళనీరు (లేత కొబ్బరినీళ్లు), అరటిపండ్లు, సపోటాలు తెస్తారు. మామూలు మనిషికి అవి మంచివే. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, ఎళనీరు ప్రాణం మీదికి తేగలదు. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అరటిపండు, నారింజ, ఎండుపండ్లు అదే కోవలోవి. మదనపల్లె టమాటా కూడా ఇందులో ఉందంటే మనవాళ్లకు మింగుడుపడదు, కానీ ఉంది. 'ఉప్పు తగ్గించమన్నారు' అని అంగట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొనకండి. వాటిలో చాలావాటిలో సోడియానికి బదులు ఉండేది పొటాషియమే. డైటీషియన్‌ను కలిసి, ఏది పెట్టొచ్చో ఏది పెట్టకూడదో రాయించుకుని, ఆ కాగితాన్ని సంచిలో దాచకుండా మంచం దగ్గర కనబడేలా పెట్టండి. వచ్చినవాళ్లకు మీరు కాదు, కాగితం చెబుతుంది.

పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు పెట్టండి, మింగాడని చూశాకే తర్వాతి ముద్ద. తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోనివ్వండి. మగతలో ఉన్న మనిషి నోట్లో రాగిజావ పోస్తే అది కడుపులోకి పోతుందన్న నమ్మకం లేదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలా వచ్చే న్యుమోనియా అసలు జబ్బు కన్నా ముందు మనిషిని తీసుకుపోగలదు. తాగిన ప్రతిసారీ దగ్గు వస్తున్నా, గొంతు గరగరలాడుతున్నా ఆపి, నర్సుకు చెప్పండి. ముక్కు ట్యూబు ద్వారా ఆహారం పంపడం మీకు వాళ్లు నేర్పి, చేయించి చూసేదాకా సొంతంగా చేయకండి.

ఆపరేషన్ ముందు ఏమీ ఇవ్వొద్దంటే ఏమీ ఇవ్వకూడదనే. 'ఒక గుక్క కాఫీయే కదా' అని ఇచ్చి, మత్తు డాక్టరు అడిగితే దాచేవాళ్లున్నారు. ఇచ్చింది తప్పే, దాచడం అంతకన్నా పెద్ద తప్పు. అలాగే ఊరి ఆకుమందు, పొడి, కషాయం ఏదైనా ఇస్తూ ఉంటే డాక్టరుకు చెప్పండి. తిడతాడు. తిట్టించుకోండి. కాలేయం మీద, కిడ్నీ మీద అవి ఏం చేస్తున్నాయో తెలియకుండా ఆయన వైద్యం చేయలేడు.

చేతులు, చెప్పులు, చుట్టాలు

పట్టుపురుగుల షెడ్డులోకి ఎవరు పడితే వాళ్లను మన రైతు రానివ్వడు. చెప్పులు బయటే, కాళ్లు చేతులు మందునీళ్లలో కడుక్కోవాలి, పక్క షెడ్డు నుంచి వచ్చినవాడైతే గడప దాటకూడదు. ఆ పట్టింపులో సగం వార్డులో ఉంటే చాలు. రోగిని తాకేముందు, తాకాక చేతులు కడుక్కోండి. విరేచనాలున్న రోగి దగ్గర చేతులకు రాసుకునే ద్రవం సరిపోదు. సబ్బు, నీళ్లే వాడండి. సెల్‌ఫోన్‌ను కూడా తుడవండి, రోజంతా దానంత మురికి పట్టేది ఇంకోటి లేదు. డాక్టరును కూడా 'చేతులు కడిగారా సార్' అని అడగవచ్చు. అడిగే ధైర్యం అందరికీ ఉండదు, నాకు తెలుసు.

కీమో జరుగుతుంటే తెల్లకణాలు పడిపోయే రోజులుంటాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అది అత్యవసరమే. ఇంట్లో ఉన్నా, లాడ్జీలో ఉన్నా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. మాత్ర వేసి తెల్లారేదాకా ఆగకండి. ఆ రోజుల్లో జలుబు, దగ్గు ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వకండి, సొంత తమ్ముడైనా సరే. కోసి ఉంచిన పండ్లు, బయటి చట్నీ, పూలదండలు వద్దు. గుడి ప్రసాదం తెస్తే రోగి కళ్లకద్దుకుంటాడు, మీరు తినండి.

గొట్టాలు, మిషన్లు

సెలైన్ బొట్లు నెమ్మదిగా పడుతున్నాయని చక్రం తిప్పకండి. అయిపోయిందని గొట్టం పీకకండి. మిషన్ కూత పెడితే నోరు నొక్కకండి, అది పిలిచేది నర్సునే. మూత్రం సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. స్ట్రెచర్ మీద పోయేటప్పుడు కడుపు మీద పెడితే ఆ మూత్రం వెనక్కి పోతుంది. ఆక్సిజన్ పెట్టిన చోట అగరుబత్తి, కర్పూరం, బీడీ ఏదీ వద్దు.

కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. మడమలు, పిరుదుల మధ్య ఎముక రోజూ చూడండి. ఎర్రబడిన చోట రుద్దకండి. ఒక కాలు ఒక్కటే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే మర్దన అసలే చేయకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తికి చేరవచ్చు. లేపేటప్పుడు ముందు మంచం అంచున ఒక నిమిషం కూర్చోబెట్టి తర్వాతే నిలబెట్టండి. బాత్‌రూముకు ఒంటరిగా పంపకండి, లోపల గడియ వేసుకోనివ్వకండి.

రాత్రిపూట మాట మారితే

డెబ్బై దాటిన నాయన ఐసీయూలో నాలుగో రాత్రి ఉన్నట్టుండి లేచి, 'కొట్టంలో ఆవు విప్పుకున్యాది, పోయి కట్టేయండిరా' అని చేతికున్న సూది పీక్కోవడం చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. గాలి సోకిందని తాయెత్తు కోసం ఊరికి ఫోను చేస్తారు. అది గాలి కాదు, పిచ్చీ కాదు. జబ్బు, నిద్రలేమి, కొన్ని మందులు, పగలో రాత్రో తెలియని గది, అన్నీ కలిసి ముసలివాళ్ల మెదడును తాత్కాలికంగా తికమక పెడతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్ మొదలైందనడానికి ఒక్కోసారి ఇదే తొలి గుర్తు. అందుకే వెంటనే నర్సుకు చెప్పాలి.

ఆవు లేదు గీవు లేదని వాదించకండి. నవ్వకండి. చేతులు పట్టి అణచకండి. 'నాయనా, నేను. ఇది ఆస్పత్రి. ఆవును చిన్నాయన చూసుకుంటా ఉండాడు' అని మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పండి. కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే పెట్టండి. పగలు వెలుగులో ఉంచి మాట్లాడిస్తూ, రాత్రి లైటు తగ్గించి నిద్రపోనివ్వండి. ఎదురుగా గడియారం, క్యాలెండరు ఉంటే మేలు. పరిచయమున్న గొంతు ఇక్కడ మందుతో సమానం. అది ఆస్పత్రి ఇవ్వలేనిది, మీరు ఇవ్వగలిగినది.

నిజం చెప్పాలా

క్యాన్సర్ అని తెలిస్తే కుంగిపోతుందని అమ్మకు చెప్పకుండా దాచే ఇళ్లు ఎన్నో. ఆమెకు తెలిసే ఉంటుంది. వార్డు బోర్డు చదువుతుంది, పక్క మంచం ఆమెను అడుగుతుంది, మన మొహాలు చూస్తుంది. మనకోసం తెలియనట్టు నటిస్తూ ఉంటుంది. 'నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది అమ్మా?' అని అడిగి, అడిగినంత చెప్పడం మేలు. 'నీకేం కాదు' అనే మాట ఎక్కువసార్లు వాడకండి. ఆమె ఏడిస్తే ఆపకండి.

అంటుజబ్బు పేరు వినగానే దూరం జరిగే అలవాటు మనకు పాతదే. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచిన నాటికి ఆ జబ్బుకు మందే లేదు. గాలి, విశ్రాంతి, తిండి, నెలల కొద్దీ ఉండిపోవడం - వైద్యమంటే అదే. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన మాత్రం, సరైన మందులు వాడితే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నట్టే నయమవుతుందని, ఇంటివాళ్లకు అదనంగా ముప్పు రాదని తేల్చింది. కాబట్టి మాస్కు కట్టుకోండి, కిటికీ తెరవండి, మందు ఒక్కరోజు తప్పనివ్వకండి. వేరే కంచం, వేరే మూల, ముఖం తిప్పుకోవడం - ఇవి అక్కర్లేదు.

తోడున్నవాళ్లు నిలబడాలి

పక్కనున్న మనిషి పడిపోతే ఆస్పత్రిలో ఇద్దరు రోగులు. అన్ని రాత్రులూ పెద్దకూతురే ఉండాలనే నియమం ఎవరూ పెట్టలేదు. ఇంటి దగ్గర పాలు పితకాలి, నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచిన పట్టుపురుగులకు ఆకు వేయాలి. అది చూసుకునేవాళ్లు కూడా రోగికి సేవ చేస్తున్నట్టే, వాళ్లను 'ఒక్కసారైనా రాలేదే' అని దెప్పకండి. రెండు మూడు రోజులకొకసారి మనిషి మారాలి. మారేటప్పుడు నోటుపుస్తకం చేతులు మారాలి. మీ బీపీ, షుగరు మాత్రలు మీరు వేసుకోవాలి.

గేటు దగ్గర 'త్వరగా చూపిస్తాను', 'రక్తం తెప్పిస్తాను' అనేవాళ్లకు డబ్బివ్వకండి. డబ్బు తీసుకుని రక్తమివ్వడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం. అలాంటి రక్తం రోగికి క్షేమమూ కాదు. అంతకన్నా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరిది ఏ గ్రూపో ముందే జాబితా రాసుకోండి. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి.

డబ్బు సంగతి చేరిన రోజే అడగాలి. రాష్ట్రం దాటి పోతే మన ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఆ ఆస్పత్రిలో, ఆ జబ్బుకు వర్తిస్తుందో లేదో బయలుదేరేముందే 104కు ఫోన్ చేసి తెలుసుకోండి. ఆధార్, రేషన్ కార్డు నకళ్లు రెండు జతలు దగ్గరుంచుకోండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవాలనుకుంటే అసలు బిల్లులు ఒక్కటీ పారేయకండి.

ఇంటికి పంపేరోజు

ఇంటికి పోతున్నామన్న సంబరంలో ఎవరూ సరిగా వినరు. అందుకని డిశ్చార్జి కాగితం చేతికి రాగానే సంచి సర్దడం ఆపి కూర్చోండి. ఇంట్లో ఉన్న పాత మాత్రల్లో ఏవి ఆపాలి, కొత్తవి ఎప్పుడు, తిన్నాకా తినకముందా, కుట్లు ఎప్పుడు తీస్తారు, గొట్టం ఉంటే ఎవరు మారుస్తారు, ఏం జరిగితే వెంటనే రావాలి, ఏ నంబరుకు చేయాలి - ఒక్కొక్కటి అడిగి రాసుకోండి. చేరేముందు వాడిన మాత్రల పొట్లాన్ని ఇంటికి పోగానే కొత్త జాబితాతో పోల్చి, అందులో లేనివి పక్కకు తీసేయండి. ఒకే మందు రెండు పేర్లతో రెండు పూటలా పడకుండా చూసుకోండి. తర్వాత చూపించుకోవలసిన తేదీని గోడమీద క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి, ఆ రోజు రైలుకు ఇప్పుడే టికెట్టు తీసుకోండి.