స్విచ్ కట్టేస్తే సరిపోదు

ప్రశ్న: ఫిల్మ్‌నగర్‌లో అద్దె ఫ్లాట్ మాది. హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉంది. స్విచ్ కట్టేసి కొత్త ఫ్యాను మేమే బిగించుకోవచ్చా?

జవాబు: స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ వైరుకు కలిపి ఉంటే, అది కట్టేసినా ఫ్యాను దగ్గర ఫేజు అలాగే ఉంటుంది. అందుకే ఎంసీబీ దించాలి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి. కరెంటు పోయినా తిరిగే ఫ్యాన్లతో అసలు ప్రమాదం అక్కడే. తర్వాత ప్రతి వైరునూ టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో, కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో ముందే పరీక్షించాలి.

ఫ్యాను బరువు మోయాల్సింది శ్లాబులోని ఇనుప హుక్కు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్లలో అందానికి వేయించే జిప్సం పలకకు ఆ శక్తి లేదు. పలకకు రంధ్రం చేసి, పొడవాటి రాడ్డును హుక్కు దాకా తీసుకెళ్లాలి. రాడ్డు బోల్టుకు నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ విడదీసి వంచాలి. చాలామంది వదిలేసేది ఇదే; అదురుకు నట్టు వదులైనా బోల్టు జారకుండా ఆపేది ఆ పిన్నే. రెక్కలు నేలకు కనీసం 2.4 మీటర్ల ఎత్తులో ఉండాలి.

రెగ్యులేటరు మీదుగా వచ్చే ఫేజు, న్యూట్రల్ ఫ్యాను కనెక్టరుకు. ఆకుపచ్చ ఎర్తు వైరు ఫ్యాను బాడీకి.

హుక్కు తుప్పుపట్టినా, కదిలినా, ఎర్తు వైరు లేకపోయినా, ఎంసీబీ పదేపదే పడిపోతున్నా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.