అనాఫిలీజ్, అనీమియా: రెండు గ్రీకు మాటల అర్థము

ఆసుపత్రి చీటీలపై కనబడు శాస్త్రపదములు పెక్కు గ్రీకు ధాతువులనుండి పుట్టినవి. వాని అర్థము నెరిగినవారికి వ్యాధి స్వరూపము సులభముగ బోధపడును. మలేరియా చిరకాలముగ బాధించుచున్న బస్తరు ప్రాంతమున ఈ ఎరుక మిక్కిలి అవసరము. అందు దక్షిణమున కోంటా, భోపాలపట్నము ప్రాంతములలో తెలుగు మాటాడువారును కలరు.

మలేరియాను వ్యాపింపజేయు దోమ పేరు అనాఫిలీజ్. గ్రీకున 'అన్' అనగా లేనిది. 'ఓఫెలోస్' అనగా ప్రయోజనము. కావున నిష్ప్రయోజనమైనదని అర్థము. 'అనారోగ్యము', 'అనర్థము' అను మాటలలోని 'అన్' దీనికి తోబుట్టువే. 1818లో మైగెన్ అను జర్మను శాస్త్రజ్ఞు డీ పేరు పెట్టునాటికి దోమకును మలేరియాకును గల సంబంధ మెవ్వరికిని తెలియదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఇట్టి దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను.

రెండవ మాట అనీమియా. 'హైమ' అనగా రక్తము. హీమోగ్లోబిన్ అను మాట మొదట నున్నదియు నిదియే. ధాతువును బట్టి రక్తము లేకుండుట యని తోచినను, వైద్యులు దీనిని రక్తములో హీమోగ్లోబిన్ తగ్గుట యను అర్థమున వాడుదురు. ధాతువు దారి చూపునే కాని నిర్వచనము కాజాలదు.

ఇక ఉచ్చారణ. అ-నా-ఫి-లీజ్ అని 'నా'పై ఊనికతో పలుకవలెను. ప్రాచీన గ్రీకున ఇందలి ఫకారము మన 'ఫలము'లోని ఫకారమువలె ఒత్తి పలుకబడెడిది. నేడు 'కాఫీ'లోని ధ్వనివలె పలుకబడుచున్నది. అట్లే 'హైమ'లోని ఐకారము ఇంగ్లీషున ఈకారమై, అ-నీ-మి-యా అయినది.

బస్తరులో మరియొక చిక్కు కలదు. సికిల్ సెల్ అనీమియా అనగా ఎఱ్ఱ రక్తకణములు కొడవలి ఆకారమును దాల్చు వ్యాధి. ప్రమాదకరమైన మలేరియా క్రిమికి ఫాల్సిపారం అని పేరు. ఇది గ్రీకు కాదు, లాటిను. ఇందును కొడవలి యను అర్థమే కలదు. ఆ క్రిమి యొకానొక దశలో కొడవలివలె నుండును. పేర్లలో పోలిక యున్నను వ్యాధులు వేరు. మొదటిది తల్లిదండ్రులనుండి వంశపారంపర్యముగ సంక్రమించును. రెండవది దోమకాటువలన వచ్చును. సికిల్ సెల్ వ్యాధి గల బిడ్డకు మలేరియా సోకినచో ప్రాణాపాయ మధికము.

కావున జ్వరము వచ్చిన నాడే మితానిన్ కార్యకర్తచేతనో, ఆరోగ్యకేంద్రమందో రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఇంట సికిల్ సెల్ వ్యాధి యున్నచో ఆ సంగతి ముందుగనే చెప్పవలెను. మలేరియా యని తేలినచో ఇచ్చిన మందును తుదివరకు వాడవలెను. చీటీపై వ్రాసిన మాట అర్థము కానిచో అడిగి తెలిసికొనుటకు సంకోచింపరాదు.