ఫొటో కాగితం ఎందుకు పసుపెక్కుతుంది?

పిల్లలూ! మీ ఇంట్లో గోడకు తగిలించిన ఫొటోను ఒకసారి ఫ్రేములోంచి తీసి చూడండి. ఫ్రేము అంచు కింద దాగిన భాగం తెల్లగానూ, వెలుతురు తగిలిన భాగం పసుపుగానూ ఉండవచ్చు. మా అమ్మగారి ఫొటోను నేను ఇంక్‌జెట్ ప్రింటు తీయించి కిటికీ ఎదురుగా వేలాడదీశాను. మూడేళ్లలో ఆమె తెల్లచీర గోధుమరంగుకు తిరిగింది. అసలు బొమ్మ పాడైన ఫోనుతోపాటే పోయింది. ప్రింటు తీయించక ముందే కాగితాన్ని పరీక్షించి ఉండవలసింది! ఆ పరీక్ష మీరూ చేయవచ్చు.

ముందుగా, కాగితం అంత తెల్లగా ఎందుకుంటుంది? కలప గుజ్జు సహజంగా కాస్త పసుపు ఛాయలో ఉంటుంది. తెల్లబట్టలకు నీలిమందు పెడతారు కదా, పసుపు ఛాయ తెలియకుండా పోవడానికి! కాగితం తయారుచేసేవారిదీ ఇలాంటి ఉపాయమే. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలికాంతిగా వెలువరించే రసాయనాలను కలుపుతారు. వీటిని ధవళకారులు అందాం. దొంగనోట్లను పట్టే అతినీలలోహిత టార్చిని చీకటిగదిలో అలాంటి కాగితంపై వేస్తే నీలంగా మెరుస్తుంది. (టార్చి వైపు నేరుగా చూడకూడదు సుమా!)

ఎండకు ఈ ధవళకారులు క్రమంగా నశిస్తాయి. అప్పుడు కాగితానికి కొత్తగా పసుపు వచ్చినట్లు కాదు, ఉన్న నీలం పోయినట్లు. టార్చి కింద మెరుపు తగ్గడమే దీనికి గుర్తు. ఇక రెండో రకం, కాగితంలోని పదార్థాలే మార్పుచెంది నిజంగా పసుపెక్కడం. వార్తాపత్రికలోని లిగ్నిన్ చేసే పని ఇదే.

ఇప్పుడు ప్రయోగం. రెండుమూడు రకాల ఫొటో కాగితాలు, జిరాక్సు కాగితం, వార్తాపత్రిక అంచు తీసుకోండి. అన్నీ అచ్చులేనివే కావాలి. 3 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవున కత్తిరించి వెనుక పెన్సిలుతో పేర్లు రాయండి. అట్టమీద పక్కపక్కన పేర్చి దారంతో కట్టండి. జిగురు టేపు వద్దు, జిగురే పసుపెక్కి మిమ్మల్ని తికమక పెడుతుంది. పైన 3 సెం.మీ. వదిలి మిగతాదంతా అల్యూమినియం రేకుతో కప్పి, ఎండపడే కిటికీ అద్దం వెనుక ఉంచండి. వారానికోసారి రేకును 3 సెం.మీ. కిందికి జరపండి. నాలుగు వారాలు పూర్తయ్యాక రేకు తీస్తే 4, 3, 2, 1 వారాల ఎండ తగిలిన మెట్లూ, అసలు ఎండ తగలని మెట్టూ ఒకే ముక్కపై ఉంటాయి.

వార్తాపత్రిక ముక్క మనకు కొలబద్ద. అదే పసుపెక్కలేదంటే ఎండ చాలలేదన్నమాట. ప్రయోగశాలల్లో ఇందుకు 1 నుంచి 8 వరకు అంకెలున్న నీలిరంగు ఉన్నిగుడ్డలు వాడతారు. ఒక్కో అంకె పెరిగేకొద్దీ రంగు వెలియడానికి సుమారు రెట్టింపు కాంతి కావాలి.

మధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్సులు. గదిలో 450 లక్సుల వెలుతురు రోజుకు 12 గంటలు ఉంటుందనుకుంటే, గంట ఎండ 18 రోజుల గదివెలుతురుకు సమానం. అయితే ఈ లెక్కను గుడ్డిగా నమ్మకండి. కొద్దికాలం పడిన తీవ్రకాంతి, చాలాకాలం పడిన మందకాంతి ఎప్పుడూ ఒకే ఫలితం ఇవ్వవు. పైగా ఎండలో వేడి, అతినీలలోహితం ఎక్కువ. కాబట్టి "ఈ కాగితం ఇన్నేళ్లు ఉంటుంది" అని చెప్పలేం. "దీనికంటే అది మేలు" అని మాత్రం చెప్పగలం.

ముక్కలను నీడపట్టున, పగటి వెలుతురులో పోల్చండి. ఏది ఏ కాగితమో తెలియని స్నేహితునిచేత వరుస పెట్టించండి. మన కన్ను మనం కోరినదే చూస్తుంది! మొబైలుతో ఫొటో తీస్తే అన్ని ముక్కలూ ఒకే ఫొటోలో పడాలి. కెమెరా తెలుపును తనకు తోచినట్లు సరిచేసుకుంటుంది.

ఒక్కోసారి రేకు కింద దాగిన మెట్టే ఎక్కువ పసుపుగా కనిపించవచ్చు. అప్పుడు తప్పు ఎండది కాదు. కొన్ని ప్లాస్టిక్ కవర్లలోంచి వచ్చే రసాయనాలు గాలిలోని నైట్రోజన్ ఆక్సైడులతో కలిసి కాగితానికి పసుపు రంగు తెస్తాయి. ఎండ ఆ రంగును పోగొడుతుంది కూడా. అందుకే ఈ ముక్కలను పారేయకండి. కొన్ని కాగితాలు వెలుతురులో బాగానే ఉండి, తర్వాత చీకటిలో పసుపెక్కుతాయి. మామూలు కాగితపు కవరులో పెట్టి, నెల తర్వాత మళ్లీ తీసి చూడండి.