పాండవుల గుట్టలకు పిల్లలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: వ్యాను మాట్లాడుకుని పిల్లలు, అమ్మతో భూపాలపల్లి వైపు వెళ్దామనుకుంటున్నాం. అడవిలో కాస్త నడిచే చోటు చెప్పండి. – ఓ పాఠకుడు, జనగామ

జవాబు: పాండవుల గుట్టలకు వెళ్లండి. హనుమకొండ, పరకాల దాటాక రేగొండ మండలంలో ఉంటాయి. ఇసుకరాతి బండలు తడిస్తే జారతాయి, చలికాలమే మేలు. దారి తెలిసిన ఊరివాళ్లను వెంటబెట్టుకోండి. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే కిందే నీడలో కూర్చోబెట్టి, ఒకరు తోడుండండి.

రాతి చరియల కింద ఆదిమానవులు వేసిన జంతువుల బొమ్మలు కనిపిస్తాయి. ఫొటోలో రంగు తేలాలని వాటిపై నీళ్లు చల్లకండి, పిల్లల్ని తడమనివ్వకండి. వేల ఏళ్లు నిలిచిన రంగు చేతి చెమటకే పాడవుతుంది. తేనెతుట్టెలు కనిపిస్తే పొగ, అరుపులు వద్దు. గూడూరు మండలంలోని భీమునిపాదం జలపాతాన్ని కూడా ఆ రోజే చుట్టేయాలని చూడకండి. దాన్ని వానాకాలానికి ఉంచుకోండి.