మన ఇంటి క్షేమమునుబట్టి ప్రధానమంత్రిని తూచవచ్చునా?

పెద్దల తరగతి పాఠము

చదువవలసిన భాగములు: యిర్మీయా 29:4-7, 2 రాజులు 14:23-29, ఆమోసు 6:1-7, 1 తిమోతి 2:1-2



2024 పార్లమెంటు ఎన్నికలైన తరువాత మన సంఘములలో ఒకదానిలో జరిగిన సంగతి చెబుతాను. ఆరాధన ముగిసి అందరూ టీ త్రాగుతుండగా ఒక సహోదరుడు, "ఈ ప్రభుత్వము వచ్చాకే నేను స్లాబు ఇల్లు వేసుకున్నాను. ఇంతకంటె రుజువేమి కావాలి?" అన్నాడు. ప్రక్కనున్న మరొక సహోదరుడు, "ఈ ప్రభుత్వము వచ్చాకే మా అబ్బాయి పని పోయింది. ఇంతకంటె రుజువేమి కావాలి?" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఇల్లు నిజమే, పని పోయినదీ నిజమే. కాని తరువాతి నెల ప్రభువు బల్ల దగ్గర ఇద్దరూ ఒకరి ముఖము ఒకరు చూడకుండ చెరొక ప్రక్క కూర్చున్నారు.

ఈ పాఠములో ఏ పార్టీని పొగడము, ఏ పార్టీని తెగడము. మన ఇంటి మంచిచెడ్డలు దేశనాయకుని పాలనకు సరియైన సాక్ష్యమవుతాయా అనే ఒక్క ప్రశ్ననే ఆలోచిస్తాము.

1. ప్రశ్న ఎక్కడిది?

ఈ ప్రశ్న మన వాడలో పుట్టినది కాదు. 1980 అక్టోబరు 28న అమెరికాలో జరిగిన టీవీ చర్చలో రోనాల్డ్ రీగన్, నాలుగేండ్ల క్రితముకంటె ఇప్పుడు మీ పరిస్థితి మెరుగుగా ఉన్నదా అని ఓటర్లను అడిగాడు. అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఎన్నికలో ఓడిపోయాడు. కార్టర్ కాలములో ధరలు బాగా పెరిగిన మాట నిజమే. అయితే ఆ పెరుగుదలలో కొంత 1979లో ఇరానులో వచ్చిన విప్లవమువలన చమురు ధర ఎగసినందున వచ్చినది. ఓటరుకు ఇరాను కనబడదు, పెట్రోలు బంకు దగ్గర తన జేబు కనబడుతుంది. అందుకే ఈ ప్రశ్నకు అంత బలము. ప్రతివాడును లెక్కలు చూడకుండ తన ఇంట్లోనుండి జవాబు చెప్పగలడు.

2. మనవాడు ప్రధానమంత్రి అయిన కాలము

1991 జూన్ 21న పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయిన రోజు చంద్రపూరులోని మన తెలుగు వాడలలో ఉన్న సంతోషము పెద్దవారికి జ్ఞాపకముండును. ఆయన కరీంనగర్ జిల్లా వంగర గ్రామస్థుడు. న్యాయశాస్త్రము చదివినది నాగపూరులో. 1984లోను 1989లోను లోక్‌సభకు గెలిచినది మన విదర్భలోని రాంటెక్ నుండి. మాట మనది, ప్రాంతము మనది. ఇక మన కష్టములు తీరినట్లే అనుకున్నాము. నేనుకూడ ఆ ఆదివారము యౌవనస్థుల తరగతిలో ఆ మాటే చెప్పాను.

అప్పుడు దేశము ఉన్న స్థితి వేరు. విదేశీ మారకద్రవ్యము రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే సరిపోయేది. 1991 జూలై మొదటి వారములో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును విదేశములకు పంపి కుదువ పెట్టింది. ఆ ఏడాది ధరలు 13 శాతము దాటి పెరిగాయి.

దేశము బంగారము కుదువ పెట్టిన ఆ నెలలోనే నా భార్య చేతి గాజులు మార్వాడీ దుకాణమునకు వెళ్ళాయి. నేను అప్పుడు ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులును. అడిగినవారందరితో, "ధరలు ఇట్లుంటే బ్రతికేదెట్లా? ప్రధానమంత్రి ఏమి చేస్తున్నట్లు?" అన్నాను. ఒక రాత్రి నా భార్య, "చిట్టీకి మీరు జామీను నిలబడినది ప్రధానమంత్రిగారు చెప్పినందుకా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నిజమేమనగా, బంధువు ఒకరు ఎత్తిన చిట్టీకి ఆమెను అడగకుండ నేను సంతకము చేశాను. అతడు కట్టలేదు, నేను కట్టాను. ధరలు పెరిగిన మాట నిజమే, గాని గాజులు పోయినది నా సంతకమువలన.

1995లో నాకు గ్రాంటు ఉన్న బడిలో ఉద్యోగము వచ్చింది. జీతము రెండింతలైంది. అప్పుడు సంఘములో నిలబడి, మనవాని పాలనలో దేశము ముందుకు పోతున్నది, దేవుడు మనలను దీవిస్తున్నాడని సాక్ష్యము చెప్పాను. ఆ ఉద్యోగము ఖాళీ అయినది ఒక ముసలి పంతులుగారు రిటైరైనందున. నేను సాక్ష్యము చెప్పినప్పుడు వెనుక వరుసలో ఒక సహోదరుడు కూర్చున్నాడు. ఆయన పనిచేసిన చిన్న కార్ఖానా అంతకు ముందు ఏడాదే మూతపడింది. ఆ దినమునుండి ఆయన తొమ్మిది నెలలు ఆరాధనకు రాలేదు. తరువాత ఎందుకని అడిగితే, "పంతులుగారూ, మీ లెక్క ప్రకారము దేవుడు నన్ను విడిచిపెట్టినట్లే గదా" అన్నాడు. ఆ మాట ఈనాటికీ నన్ను గుచ్చుతున్నది.

నేను మొదట నా నష్టమును ఒక మనుష్యునిమీద వేశాను. తరువాత నా లాభమును అదే మనుష్యునికి కట్టబెట్టాను. రెండుసార్లు తప్పాను.

3. ఒక ఇంటి క్షేమములో ఎందరి చేతులు?

మన ప్రాంతములోనే చూడండి.

మొదటిది, లోకపు చేయి. 1990-91లో గల్ఫు యుద్ధమువలన చమురు ధర పెరిగింది. దానిని ఢిల్లీలో ఎవరూ ఆపలేకపోయారు.

రెండవది, పూర్వపు పాలకుల చేయి. 1991లో తీర్చవలసి వచ్చిన అప్పులు అంతకుముందు పదేండ్లలో పేరుకొన్నవి. మేలుకూడ అట్లే ఆలస్యముగా వస్తుంది. 1973లో ఇందిరాగాంధీగారి ప్రభుత్వము బొగ్గు గనులను జాతీయము చేసింది. బల్లార్షా, ఘుగ్గుస్, మాజ్రి గనులలో ఆ తరువాత స్థిరపడిన కార్మికుల పిల్లలు చదువుకొని పైకి వచ్చినది ఎప్పుడు? ఇరవై ముప్పై ఏండ్ల తరువాత, వేరే ప్రధానమంత్రుల కాలములో. విత్తినవాడొకడు, కోసినవాడొకడు.

మూడవది, ఇప్పటి నాయకుని చేయి. 1991 జూలైలో చాలా పరిశ్రమలకు లైసెన్సు పద్ధతి తీసివేశారు. ఆ నిర్ణయము నరసింహారావుగారి ప్రభుత్వముదే. దాని మంచికీ చెడ్డకూ ఆ ప్రభుత్వమే జవాబుదారి.

నాలుగవది, రాష్ట్రపు చేయి. మన చంద్రపూరు జిల్లాలో స్త్రీల పోరాటము తరువాత 2015 ఏప్రిల్ 1నుండి మద్యనిషేధము వచ్చింది. 2021లో దానిని ఎత్తివేశారు. రెండు నిర్ణయములూ ముంబైలో జరిగినవే, ఢిల్లీలో కాదు.

ఐదవది, యాజమాన్యము, యూనియన్ల చేయి. గని కార్మికుని జీతము వారు కూర్చుండి చేసుకున్న వేతన ఒప్పందమువలన పెరుగుతుంది.

ఆరవది, మన ఇంటి చేయి. త్రాగుడు, జామీను, పిల్లల చదువు, రోగము, పొదుపు. నిషేధము ఉన్న కాలములో త్రాగినవారున్నారు. ఎత్తివేసిన తరువాత ముట్టనివారును ఉన్నారు.

ఇన్ని చేతులు కలిపి వండిన కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక్కరి పేరే చెప్పుట న్యాయమా? 1994 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు దేశము 1991 నాటి గండమును దాటియున్నది. అయినను ప్రధానమంత్రి స్వంత రాష్ట్రములో ఆయన పార్టీకి 294 స్థానములలో 26 మాత్రమే వచ్చాయి. రెండు రూపాయల బియ్యము మరల ఇస్తామన్న ఎన్.టి. రామారావుగారు గెలిచారు. విదేశీ మారకము పెరిగినదని దేశపు పద్దు చెప్పింది, బియ్యపు డబ్బా ఇంకొకటి చెప్పింది. రెండూ నిజమే. ఒకటి రెండవదానికి బదులు కాదు.

4. అయితే నాయకునికి బాధ్యత లేదా?

ఉన్నది. మన తెలుగు బాప్టిస్టుల చరిత్రయే దీనికి సాక్షి. 1876-78 సంవత్సరముల గొప్ప కరువులో దక్షిణ దేశమున లక్షలాదిమంది చనిపోయారు. ఆ కరువు మధ్యనే, 1877 జనవరి 1న, వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో గొప్ప దర్బారు చేసి విక్టోరియా రాణిని భారతదేశ చక్రవర్తినిగా ప్రకటించాడు. ఆ నెలలోనే ఖర్చు తగ్గించుటకని కరువు పనుల కూలిని కోసివేసి, మగవానికి రోజంతటికి ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునన్నారు. వాన కురవకపోవుట పాలకుని తప్పు కాదు, కూలి కోసినది మాత్రము పాలకుడే. అదే సమయములో ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగమునకు కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపారు. అన్నముకొరకు మతము పుచ్చుకొన్నారన్న మాట రాకూడదని కరువు పనులు జరిగిన కాలమంతా బాప్తిస్మములు ఆపారు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ తరువాతనే.

కాబట్టి ఢిల్లీలో వ్రాసిన ఒక ఆజ్ఞ పల్లెలోని కంచమువరకు వస్తుంది. నాయకుని అడుగవలసిందే. అయితే ఏది అడగాలో తెలిసి అడగాలి.

5. లేఖనములు ఏమి నేర్పుచున్నవి?

రెండవ యరొబాము షోమ్రోనులో 41 సంవత్సరములు ఏలాడు. సరిహద్దులు విస్తరించాయి. దంతపు మంచములమీద పండుకొనేవారికి అది మంచి కాలము. అదే కాలములో ఆమోసు ప్రవక్త చెప్పులజోడుకొరకు పేదలను అమ్మివేస్తున్న సంగతిని బయటపెట్టాడు (ఆమోసు 2:6). మంచముమీద ఉన్నవానిని అడిగితే ఒక జవాబు, అమ్ముడుపోయినవానిని అడిగితే మరొక జవాబు. దేవుడు ఎవరిని అడిగాడో గమనించండి.

చెడ్డ రాజైన మనష్షే 55 ఏండ్లు ఏలాడు. మంచి రాజైన యోషీయా మెగిద్దోలో చంపబడ్డాడు. సుఖమునుబట్టి రాజును తూచువారికి ఈ రెండూ చిక్కు ప్రశ్నలే.

ఇక పరదేశములో స్థిరపడిన మనకు యిర్మీయా వ్రాసిన ఉత్తరమున్నది. చెరపట్టబడి బబులోనులో ఉన్నవారిని ఇండ్లు కట్టుకొమ్మని, తోటలు నాటుకొమ్మని, తామున్న పట్టణపు క్షేమమును వెదకుమని, దానికొరకు ప్రార్థించుమని చెప్పాడు. వారి క్షేమమును రాజు పేరుతో ముడిపెట్టలేదు, పట్టణపు క్షేమముతో ముడిపెట్టాడు. బబులోనువారు ఇశ్రాయేలీయులు కారు. అయినను వారి క్షేమమే వీరి క్షేమము.

6. సరియైన తూనిక

ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఒక సంగతి నేర్పారు. ఒక పిల్లవాడు తప్పినంతమాత్రాన పంతులు చెడ్డవాడని, ఒకడు మొదటివాడుగా వచ్చినంతమాత్రాన మంచివాడని వ్రాయరాదు. ఇంట్లో తిండి, కంటిచూపు, క్రింది తరగతుల పునాది అన్నీ చూడాలి. కాని తరగతి మొత్తమును, ముఖ్యముగా వెనుక బెంచీ పిల్లలను చూసి పంతులును అడుగవచ్చును. నాయకునికీ ఇదే తూనిక. ఈ నాలుగు ప్రశ్నలు వేసుకొందము.

మొదటిది: నా ఇల్లు కాక నా వాడలో బీద ఇల్లు ఎట్లున్నది?

రెండవది: ఆయన వచ్చేటప్పటికి పరిస్థితి ఏమిటి?

మూడవది: జరిగిన దానిలో ఆయన నిర్ణయము ఏది, కానిది ఏది?

నాల్గవది: డబ్బులో కనబడని క్షేమము సంగతి ఏమిటి? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో దేశములోని కలుషిత పారిశ్రామిక ప్రాంతములలో మన చంద్రపూరు నాల్గవది. జీతము పెరిగిన ఇంట్లోనే దగ్గుకూడ పెరిగియుండవచ్చును. ఆ పొగ ఎన్నో ఏండ్లుగా, ఎందరో పాలకుల కాలములో చేరినది.

ముగింపు

పైన చెప్పిన సహోదరులిద్దరినీ నేను ఒకటే కోరాను. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి కూర్చుండి, ఇల్లు ఎట్లా కట్టారో, పని ఎందుకు పోయిందో అడగమన్నాను. ఒకరు వెళ్ళారు. ఇల్లు కట్టినాయన వెళ్ళి, ఆ అబ్బాయి పత్రములు తీసుకొని నలుగురిని అడుగుతున్నాడు. పని ఇంకా దొరకలేదు. రెండవ సహోదరుడు ఇంకా ఆయన ఇంటికి వెళ్ళలేదు. ఈ పాఠము చదివి వెళ్తాడని నా ఆశ.

మనము ఓటు వేసినవారికొరకును, వేయనివారికొరకును ప్రార్థించుదము. తప్పు చేసినప్పుడు భయపడక అడుగుదము. మన దీవెనను ఎవరికీ సర్టిఫికెట్టుగా వ్రాసి ఇవ్వవద్దు, మన కష్టమును ఎవరిమీదను నేరపత్రముగా వేయవద్దు. వెనుక వరుసలో కూర్చున్నవాని సంగతి తెలుసుకొనకుండ సాక్ష్యము చెప్పవద్దు.

చర్చకు ప్రశ్నలు

1. గత పదేండ్లలో మీ ఇంటికి వచ్చిన ఒక మేలు, ఒక నష్టము చెప్పండి. పైన చెప్పిన ఆరు చేతులలో ఏవి పనిచేశాయి?

2. ఆమోసు మన ఊరికి వస్తే మొదట ఎవరి ఇంటికి వెళ్ళును?

3. మరాఠీ, గోండు పొరుగువారి క్షేమముకొరకు మన సంఘము ఈ ఏడాది ఏమి చేసింది?

4. రాజకీయపు మాటవలన మీరు మాట్లాడుట మానివేసిన సహోదరుడెవరైనా ఉన్నారా? వచ్చే ప్రభువు బల్లకు ముందు ఏమి చేస్తారు?